120 నుంచి 230కి

బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది. ఏది వెంట తీసుకెళ్లాలి, ఏది అమ్మేయాలి, ఏది పక్కింటివాళ్లకు ఇచ్చేయాలి అని. పిల్లలూ, ఈ లెక్క మీకూ బాగా తెలుసు. మీలో కొందరు ఐదో తరగతికి వచ్చేసరికే మూడు బడులు చూశారు. మేమూ సికింద్రాబాద్, బళ్లారి, ఖరగ్‌పూర్ తిరిగి ఈ గమ్హరియాకు చేరినవాళ్లమే. ప్రతి ఊళ్లోనూ ఏదో ఒకటి వదిలి వచ్చాం. అందుకే ఇక్కడికి వచ్చిన రెండో ఏడు మా ఇంటికి మూడు పెద్ద పెట్టెలు రావడం మాకే వింతగా అనిపించింది.

అవి అమెరికా నుంచి వచ్చాయి. పంపినది మా పెద్దనాన్నగారు. ఆయన 1970లలో షికాగో దగ్గరి ఒక ఊరికి ఉద్యోగం మీద వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారుతూ తన పాటల సరంజామా మాకు పంపారు. ఒక పెట్టెలో ఆంప్లిఫయరు, ఒకదానిలో క్యాసెట్ డెక్కు, మూడోదానిలో రికార్డు ప్లేయరు. వాటి సందుల్లో గుడ్డలు చుట్టిన రికార్డులు, ఒక బిస్కెట్ల డబ్బాలో పదకొండు క్యాసెట్లు.

ఆ క్యాసెట్ల కోసమే ఈ కథంతా. అప్పట్లో అమెరికాకు ఫోను చేయాలంటే ముందుగా బుక్ చేసుకుని గంటలకొద్దీ కాచుకోవాలి, మూడు నిమిషాల మాటకు బోలెడు డబ్బు పోయాలి. అందుకని చాలా కుటుంబాలు ఉత్తరానికి బదులు క్యాసెట్లో మాట్లాడి పోస్టులో పంపేవి. చీపురుపల్లి దగ్గరి పల్లెలో బడిపంతులుగా పనిచేసిన మా నాన్నగారూ అలాగే తన అన్నగారికి క్యాసెట్లు పంపారు. నాన్నగారు పోయాక మా పాప పుట్టింది. ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. తాతగారి ఫోటోలు చూసింది, చేతిరాత చూసింది, ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు. మా దగ్గరా ఆ గొంతు ఎక్కడా లేదు, ఆ డబ్బాలో తప్ప.

ఏదైనా పాత టేప్‌రికార్డరులో పెట్టి వినవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అలాంటిది ఒకటి దొరికింది కూడా. కానీ నలభై ఏళ్ల నాటి టేపు నీరసంగా ఉంటుంది. రోలర్లు జిగురుపట్టిన యంత్రంలో పెడితే రిబ్బను నమిలేస్తుంది. పెద్దనాన్నగారి డెక్కు మాత్రం శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. దానికి ఒకటే చిక్కు. దాని వెనక అంటించిన రేకు మీద "120 వోల్టులు, 60 హెర్ట్జులు" అని ఉంది.

మన గోడలో వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. వోల్టు అంటే కరెంటును తోసే ఒత్తిడి. మిద్దె మీది నీళ్ల తొట్టి ఎంత ఎత్తులో ఉంటే కుళాయిలో నీళ్లు అంత జోరుగా వస్తాయి కదా, అలాంటిది. హెర్ట్జు అంటే ఆ ఒత్తిడి సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే లెక్క. 120 వోల్టుల కోసం చేసిన ఇస్త్రీపెట్టె లాంటి వస్తువును 230కి తగిలిస్తే రెట్టింపు కాస్త తక్కువ ఒత్తిడికి మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది. ఎందుకంటే వేడి ఒత్తిడి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్కల నోటుబుక్కులో 230ని 120తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి చూడండి. పాటల యంత్రమైతే లోపలి ట్రాన్స్‌ఫార్మరు గీపెట్టి, అదృష్టం ఉంటే ఫ్యూజు పోతుంది, లేకుంటే పొగ వస్తుంది.

దేశానికో కరెంటు ఎందుకు అంటే, ఎవరు ముందు యంత్రం పెట్టారో వారి లెక్కే అక్కడ నిలిచిపోయింది. అమెరికాలో ఎడిసన్ కాలంలో 110 దగ్గర మొదలైంది. ఐరోపాలో త్వరలోనే దాన్ని రెట్టింపు చేశారు. ఒత్తిడి రెట్టింపయితే అదే పనికి సగం కరెంటు చాలు, తీగలో వృథా అయ్యే వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. రాగి ఆదా. మనకు ఆ పద్ధతే వచ్చింది. జపాను సంగతి ఇంకా తమాషా. 1890లలో టోక్యోవారు జర్మనీ జనరేటర్లు కొన్నారు, అవి 50 హెర్ట్జులవి. ఒసాకావారు అమెరికా జనరేటర్లు కొన్నారు, అవి 60వి. ఈనాటికీ ఆ దేశం తూర్పు సగంలో 50, పడమటి సగంలో 60. టోక్యో నుంచి ఒసాకాకు బదిలీ అయిన జపాను పిల్లలకూ మన బాధలే ఉంటాయన్నమాట.

పెట్టెలు చూసిన వారంతా మొదట చెప్పిన సలహా ఒకటే, "అడాప్టరు కొనండి, ఇరవై రూపాయలే." అమెరికా ప్లగ్గుకు రెండు బల్లపరుపు రేకులుంటాయి. మన సాకెట్టుకు గుండ్రని బొక్కలుంటాయి. అడాప్టరు ఆ ఆకారాన్ని సరిచేస్తుంది, అంతే. ఒత్తిడి 230 ఉన్నది ఉన్నట్టే లోపలికి పోతుంది. మీ ఫోను చార్జరు మీద "100-240" అని ఉంటుంది, కనుక దానికి ఆకారం మారితే చాలు. ఈ పాత యంత్రాలకు చాలదు. కొత్త బడిలో యూనిఫాం మారగానే పిల్లవాడు సర్దుకుపోయాడని పెద్దలం అనుకుంటాం చూడండి, ఆ సలహా అలాంటిదే.

మరి ఈ పని ఎవరు చేస్తారు? గమ్హరియా గురించి మీకు ఒక మాట చెప్పాలి. మనం ఖర్కాయి నదికి ఈవల, సరాయ్‌కేలా-ఖర్సవాన్ జిల్లాలో ఉన్నాం. నది దాటితే జంషెడ్‌పూర్. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చీ అనే పల్లె దగ్గర పెట్టిన కర్మాగారంలో 1912లో మొదటి ఉక్కు తయారైంది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు వచ్చింది. ఆ కొలిమి పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వేల కుటుంబాలు తరలివచ్చాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారు కట్టుకున్నదే. కద్మాలో, సోనారిలో ఇవాళ్టికీ వీధి మలుపులో తెలుగు వినిపిస్తుంది.

అలా వచ్చిన ఒక కుటుంబంలో మూడో తరం మనిషి మాకు దొరికారు. డెబ్బై దాటిన పెద్దాయన. ఒకప్పుడు రేడియోలు, ఇప్పుడు మోటార్లు, ఇన్వర్టర్లు బాగుచేస్తారు. తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు, హిందీలోనే చదువుకున్నారు. పెట్టెల వెనక రేకులు చూసి, మూతలు విప్పి, ప్లగ్గు పెట్టకుండానే అరగంట చూశారు.

"మాస్టారూ, మూడింటికీ ఒకటే మందు కాదండి. దేని రోగం దానిదే," అన్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పిల్లలూ, ఇలాంటి పెట్టెను మీరు ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో చాలాసేపు కరెంటు నిలవ ఉంటుంది. ఆయన కూడా ముందు దాన్ని ఖాళీ చేశాకే చేయి పెట్టారు.

మొదటిది ఆంప్లిఫయరు. దాని ట్రాన్స్‌ఫార్మరుకు గోడవైపు రెండు చుట్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 120 వోల్టులది. అమెరికా కోసం వాటిని పక్కపక్కన, అంటే సమాంతరంగా కలిపారు. అవే చుట్లను ఒకదాని తర్వాత ఒకటిగా శ్రేణిలో కలిపితే 240 తట్టుకుంటాయి. మన 230 అందులో హాయిగా ఇముడుతుంది. తయారుచేసినవారు ఒకే పెట్టెను చాలా దేశాలకు అమ్మాలని ముందుగానే ఆ ఏర్పాటు చేసిపెట్టారు. దాని రేకు మీద హెర్ట్జులు కూడా "50/60" అని ఉన్నాయి. పెద్దాయన చుట్ల కొసలు మీటరుతో ఒకటికి రెండుసార్లు కొలిచి, ఏది మొదలో ఏది చివరో తేల్చుకున్నారు. అది తారుమారైతే రెండు చుట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తర్వాత రెండు తీగలు మార్చి టంకం పెట్టారు. 3 ఆంపియర్ల ఫ్యూజు తీసి ఒకటిన్నర ఆంపియర్లది వేశారు. ఒత్తిడి రెట్టింపయ్యింది కనుక కరెంటు సగమే పారుతుంది, కాపలా ఉండే ఫ్యూజూ సగానికి తగ్గాలి.

రెండోది క్యాసెట్ డెక్కు. దానికి గోడవైపు ఒకటే చుట్టు. లోపల మార్చడానికి ఏమీ లేదు. దానికి బయట ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. బజారులో దొరికేవాటిలో కొన్నింటికి ఒకే చుట్టు మధ్యలోంచి తీగ లాగి ఉంటుంది. పని చేస్తాయి గానీ గోడ కరెంటుకూ వస్తువుకూ మధ్య అడ్డు ఉండదు. పెద్దాయన విడివిడి చుట్లతో తానే ఒకటి చుట్టారు. వోల్టుకు ఐదు చుట్ల లెక్కన గోడవైపు 1150. ఇవతలివైపు 120 వోల్టుల కోసం 600, మధ్యలో 500 దగ్గర ఇంకొక తీగ బయటికి. బరువు పడితే ఒత్తిడి కాస్త తగ్గుతుందని ఆఖర్న కొన్ని చుట్లు అదనం. పాప పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టింది. ఆయన హిందీలో, తను తెలుగులో, ఇద్దరి లెక్కా వందకోసారి కలిసేది.

500 దగ్గర తీగ ఎందుకో మాకు అర్థం కాలేదు. అది మూడోదాని కోసం.

రికార్డు ప్లేయరు మోటారు గోడలోని ఊపును బట్టి తిరిగే రకం. సెకనుకు 60 ఊపులొస్తే ఒక వేగం, 50 వస్తే దానిలో ఆరింట ఐదు వంతులే. ట్రాన్స్‌ఫార్మరు వోల్టుల్ని మార్చగలదు, ఊపుల్ని మార్చలేదు. 60 పంపితే 60, 50 పంపితే 50. ఊపులు తగ్గిన మోటారుకు ఒత్తిడీ అదే వంతున తగ్గిస్తే వేడెక్కకుండా ఉంటుంది. 120లో ఆరింట ఐదు వంతులు 100. అందుకే ఆ 500 చుట్ల తీగ.

క్యాసెట్ డెక్కుకు ఈ బాధ లేదు. దాని లోపలి చిన్న మోటారు బ్యాటరీ బొమ్మలో ఉండే రకానిది, వేగాన్ని తనే సరిచూసుకుంటుంది.

"ఊపు తగ్గితే ఏటవుద్దో సూడండి," అని పెద్దాయన ఒక రికార్డు పెట్టారు. ఘంటసాల పాడిన పుష్పవిలాపం. అట్ట మీద మా నాన్నగారి చేతిరాతలో "అన్నయ్యకు" అని ఉంది. రికార్డు నిమిషానికి ముప్పై మూడుంపావుకు కాస్త పైన, అంటే 33⅓ సార్లు తిరగాలి. అది 28కి లోపే తిరిగింది. ఘంటసాల గొంతు నూతిలోంచి వస్తున్నట్టు బరువుగా, నిద్రమత్తులో ఉన్నట్టు వినిపించింది. ప్రతి మాటా అర్థమవుతోంది. ఒక్క మాటా ఆయనది అనిపించడం లేదు. పాప నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు.

దీనికి మందు మోటారు మీది చిన్న ఇత్తడి చక్రం. రబ్బరు బెల్టు దాని మీదుగా పెద్ద పళ్లేన్ని తిప్పుతుంది. మోటారు నెమ్మదిస్తే ఆ చక్రాన్ని ఆరు బై ఐదు వంతుల లావు చేయాలి. మన పక్కనే ఆదిత్యపూర్. అక్కడ లారీల విడిభాగాలు చేసే లేతు మిషన్లు వీధివీధినా ఉన్నాయి. పాత చక్రం 10 మిల్లీమీటర్లు. పాప వెంటనే "12 కావాలి" అంది. పెద్దాయన తల అడ్డంగా ఊపి బెల్టును వేలితో పట్టుకుని చూపించారు. "దీని మందం అర మిల్లీమీటరు. అదీ కలుపుకోవాల గుంటా." పదిన్నరను ఆరు బై ఐదుతో గుణిస్తే 12.6. అందులోంచి బెల్టు అర తీసేస్తే 12.1. ఆ పదో వంతు మిల్లీమీటరును పట్టించుకోకపోతే పాట నూటికి ఒక పాలు దాకా నెమ్మదిస్తుంది. లారీ ఇరుసులు కోసే లేతు మీద, చిటికెన వేలి గోరంత చక్రం ఒక పూటలో తయారైంది.

వేగం సరిగ్గా వచ్చిందా అని చూసే పద్ధతి మీరు ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. గుండ్రని అట్టముక్క తీసుకుని, కోణమాపకంతో 2 డిగ్రీలకు ఒకటి చొప్పున అంచున నల్లగీతలు గీయండి. మొత్తం 180 గీతలు వస్తాయి. దాన్ని తిరిగే పళ్లెం మీద పెట్టి పాతకాలం చోకు ఉన్న ట్యూబులైటు వెలుగులో చూడండి. 50 హెర్ట్జుల కరెంటుకు ఆ లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. పళ్లెం 33⅓ వేగంతో తిరుగుతుంటే రెండు మినుకుల మధ్య సరిగ్గా 2 డిగ్రీలు జరుగుతుంది. ఒక గీత ఉన్నచోటికి తర్వాతి గీత వస్తుంది. కనుక అన్ని గీతలూ కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. వేగం తగ్గితే గీతలు వెనక్కి, ఎక్కువైతే ముందుకు పాకుతాయి. ఎల్.ఇ.డి. దీపాల కింద ఇది సరిగా కనబడకపోవచ్చు. పాప గీసిన అట్ట మీద గీతలు నిలబడిన నిమిషంలో ఘంటసాల మళ్లీ ఘంటసాల అయ్యారు.

అప్పుడు క్యాసెట్ పెట్టాం. ముందుగా పెద్దాయన టేపు తగిలే హెడ్డును స్పిరిటుతో తుడిచి, క్యాసెట్‌ను ఒకసారి ఆ చివరికి, ఒకసారి ఈ చివరికి చుట్టించారు. కొంతసేపు సన్నని సొద. కుర్చీ జరిగిన చప్పుడు. ఎక్కడో కాకి. తర్వాత, "అన్నయ్యా, నాను రాజుని."

మేము చాలాసేపు ఎటూ చూడలేకపోయాం. నాన్నగారు బడిలో పాఠం చెప్పే తెలుగులో మాట్లాడలేదు. తన అన్నతో ఇంట్లో మాట్లాడే తెలుగులో మాట్లాడారు. 1984 సంక్రాంతికి కొత్త బియ్యం వచ్చాయట. చెరువు నిండిందట. ఘంటసాల రికార్డు అందిందా అని అడిగారు. "ఆ ఉద్యోగం ఒగ్గీసి రమ్మనను గానీ, అమ్మ నిన్ను సూడాలంటోంది, బేగి రా" అన్నారు.

పాప మా వంక తిరిగి, "ఒగ్గీసి అంటే ఏమిటి? బేగి అంటే?" అంది.

మేము నోరు తెరిచేలోగా పెద్దాయన జవాబిచ్చారు. "ఒగ్గీడం అంటే ఇడిసిపెట్టడం గుంటా. బేగి అంటే తొరగా. మా అయ్య రోజూ అనీవోడు, బేగి తిను, బేగి ఎల్లు అని." తర్వాత గొంతు తగ్గించి, "ఈ మాట ఇని ఎన్నాళ్లయిందో మాస్టారూ," అన్నారు. ఆయన తాత ఊరు విడిచి వచ్చి వందేళ్లు కావస్తోంది. ఆ ఊరు ఆయన రెండుసార్లే చూశారు. చదవడం రాని ఆయనకు టేపులో ప్రతి మాటా తెలిసింది. తెలుగు పాఠాలు చెప్పే ఇంట్లో పుట్టి, తెలుగు బాగా చదివే పాపకు సగం తెలియలేదు.

ఆ రాత్రి మేము ఆలోచించింది పాప గురించి. నాలుగు ఊళ్లు తిరిగిన పిల్ల. కన్నడ పిల్లలతో కన్నడ, బెంగాలీ పిల్లలతో బెంగాలీ, ఇప్పుడు హిందీ. ఎక్కడికి వెళ్లినా తొందరగా కలిసిపోతుందని అందరూ మెచ్చుకుంటారు. అది మంచి గుణమే, మీ అందరిలోనూ ఉంది. ఎక్కడి ఒత్తిడికి తగ్గట్టు అక్కడ తీగలు మార్చుకోవడం మీకు వచ్చినంత బాగా మరెవరికీ రాదు. అయితే మూడు పెట్టెల్లో పెద్దాయన ఎన్ని మార్చినా అన్నీ గోడకూ పాటకూ మధ్యలో ఉన్నవే మార్చారు. తీగలు, చుట్లు, ఫ్యూజు, చక్రం. రికార్డు మీది గాడి జోలికి, టేపు మీది గొంతు జోలికి పోలేదు. మారినవన్నీ ఆ రెండూ ఉన్నట్టే వినబడడానికి మారాయి. రికార్డు నెమ్మదిగా తిరిగిన రోజు ఘంటసాల ఆగిపోలేదు, పాడుతూనే ఉన్నారు. అందుకే లోపం ఉందని తెలియడం కష్టం. ఇంటి భాష కూడా అలాగే. ఒక్క రోజున ఆగిపోదు. కొంచెం నెమ్మదిస్తుంది, కొంచెం బరువెక్కుతుంది, మనకు అదే అలవాటైపోతుంది. సరిచూసుకోవడానికి 180 గీతల అట్ట లాంటిది ఒకటి ఉండాలి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు పదకొండు క్యాసెట్లు చేస్తున్నాయి.

పాప ఒక నోటుబుక్కు పెట్టింది. క్యాసెట్‌లో తెలియని మాట వస్తే ఆపి రాసుకుంటుంది. ఆదివారం పెద్దాయన వస్తే అర్థం అడుగుతుంది. హిందీ పద్యపాఠంలో 'బేగి' కనిపించిన రోజు బడి నుంచి పరుగెత్తుకొచ్చింది, తాతగారి మాట తులసీదాసుకూ తెలుసని. ఆయన కూడా ఖాళీగా కూర్చోరు. పాప దగ్గర అ ఆలు దిద్దుతున్నారు. ఇప్పటికి గుణింతాల దాకా వచ్చారు. క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించి ఆయన మనవలకూ ఒక ప్రతి ఇచ్చాం.

మీ ఇళ్లలోనూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. అమ్మమ్మ వంట చెబుతూ పంపిన సందేశం, తాతయ్య పాత రేడియో, ఎవరూ వాడని ఒక ఊరి మాట. దానికి ముందు వెనక అంటించిన రేకు చదవండి. ఏ ఒత్తిడికి, ఏ వేగానికి పుట్టిందో తెలుసుకోండి. తర్వాత తెలిసినవారిని అడగండి. వారు బడిలోనే ఉండాలని లేదు.

మాకు ఇక్కడ మూడేళ్లు నిండబోతున్నాయి. ఉత్తర్వు ఏ రోజైనా రావచ్చు. పెద్దాయన పాత ఇత్తడి చక్రాన్ని, పాత ఫ్యూజును ఒక చిన్న డబ్బాలో వేసి ఆంప్లిఫయరు పెట్టెలో పెట్టించారు, ఎవరైనా ఎప్పుడైనా 60 హెర్ట్జుల దేశానికి తీసుకెళితే పనికొస్తాయని. డబ్బా మీద ఏమేమి మార్చామో కాగితం అంటించాం. దాని మీద రాత పాపది. చివరి పంక్తి మాత్రం పెద్దాయన తన చేత్తో, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశారు, 'చక్రం 12.1' అని.